వంటయింటి ప్రక్క పనిగది

వంటయింటిని ఆనుకొని, పాత్రలు తోముట, బట్టలుతుకుట, కూరగాయలును బియ్యమును కడుగుట మొదలగు తడిపనులకును, ఉతుకు యంత్రము, బకెట్లు, చీపుళ్లు, చెత్తబుట్టలు మున్నగు సామగ్రిని నిలుపుకొనుటకును ప్రత్యేకింపబడిన చిన్నగదికి గాని, కప్పుగల వసారాకు గాని నేడు తెలుగు నగరములలో యుటిలిటీ యనియు, వాష్ ఏరియా యనియు పేర్లు వ్యవహారమున నున్నవి. వంటయింటికి పొయ్యి యెట్టిదో ఈ గదికి తూము అట్టిది. తక్కినవన్నియు దాని ననుసరించి యుండవలెను. అయినను ఇంటి పటము గీయువారు పడకగదులకును, ముందు హాలునకును, స్నానపు గదులకును కొలతలు కుదుర్చుకొనిన పిదప మిగిలిన మూలను దీనికి వదలుటయు, కొనువారు నమూనా ఫ్లాటును చూడబోయినప్పుడు ఆ తలుపు తెరవకయే మరలుటయు పరిపాటియై యున్నది. ఆ మూలలో తెల్లవారుజాము మొదలు రాత్రి భోజనానంతరము వరకు ఎవరో యొకరు నిలిచియో, గొంతుకూర్చుండియో పనిచేయవలసి యుండునన్న సంగతి గృహప్రవేశమైన మరునాడు గాని వారికి తెలియదు.

పెరటి కాలము

విద్యుత్తును కుళాయియు రాక పూర్వము తెలుగు గ్రామములలో, కొంచెము కలిగిన కుటుంబముల యిండ్లలో, ఈ పనుల కన్నిటికిని ఇంటి వెనుకటి భాగమంతయు ఉపయోగపడుచుండెను. గోదావరి మండలములలోని మండువా లోగిళ్లలో నేమి, రాయలసీమ మిద్దెయిండ్లలో నేమి, వంటయింటి వెనుక తలుపు తీసినచో వసారాయు, వసారా దిగినచో పెరడును, పెరటిలో నుయ్యియు, నూతిగట్టు చెంత బండలు పరచిన జలదారియు ఉండెడివి. రుబ్బురోలును, తిరగలియు, దంపుడు రోలును వసారా అంచున నిలిచెడివి. వాని చప్పుడును, దుమ్మును, జారిన పిండియు వంటయింటిలోనికి రాకుండవలెను గదా. బియ్యము కడిగిన నీళ్లును, మిగిలిన గంజియు, కూర తొక్కలును కుడితి గోలెములో చేరి పశువులకు పోవుచుండెను. అంట్లు తోముటకు పొయ్యిలోని బూడిదయు, కొబ్బరి పీచును, రాగి యిత్తడి పాత్రలకు చింతపండును చాలియుండెను. తోమిన నీరు చిన్న కాలువ వెంట అరటి చెట్ల మొదళ్లకో, కంద చేమ మళ్లకో పారుచుండెను. ఆ నీటిలో బూడిదయు పులుపును తప్ప మరేమియు లేకుండుటచే మొక్కలకు హాని కలుగకుండెను. నేటి సబ్బుపొడి నీటిని అట్లు మళ్లించుట అంత నిరపాయము కాదు.

ఈ విభజనకు శుచియు, మడియాచారమును గూడ కారణములే. ఎంగిలి పాత్ర పొయ్యికడకు రారాదను నియమమువలన వండుచోటును తోముచోటును సహజముగనే వేరయ్యెను. ఆ నియమములో కులభేదము చొచ్చి, తోమువారు పెరటిదారినే వచ్చి పెరటిదారినే పోవలసిన దుస్థితియు దానితోపాటు ఏర్పడెను. ఈ రెండవదానిని విడిచి, మొదటిదానిలోని ప్రయోజనమును మాత్రము నిలుపుకొనుట నేటి గృహశిల్పికి అసాధ్యము కాదు.

బట్టల విషయము వేరు. చాకలివారు మాసిన బట్టలను మూటగట్టుకొని పోయి, చౌడుమట్టితో నానబెట్టి, బానలో ఆవిరిపట్టి, రేవులో బండపై నుతికి, ఆరవేసి తెచ్చుచుండిరి. నిత్యము తడుపుకొను చీరలును, పంచెలును, పసిబిడ్డల గుడ్డలును మాత్రమే ఇంటి నూతికడ జాడింపబడెడివి. కావున పెరటి యేర్పాటు పాత్రల విషయమున మనకు మాదిరి కాగలదు గాని, కుటుంబము బట్టలన్నియు ఇంటిలోనే ఉతికి ఇంటిలోనే ఆరవేయు నేటి స్థితికి మన పాతయిండ్లలో నమూనా లేదు. యుటిలిటీలలోని చిక్కులలో అనేకము ఇచ్చటనే పుట్టినవని తోచుచున్నది.

మార్పు మెల్లమెల్లగా వచ్చినది. 1959లో సర్ఫు, 1969లో నిర్మా సబ్బుపొడులు విపణిలోనికి వచ్చి, రేవులోని ఉతుకును ఇంటి బకెట్టులోనికి తెచ్చినవి. 1965లో ఇండేన్ పేర వంటగ్యాసు సిలిండర్లు రాసాగినవి. ఇండ్లలో క్రమముగా పొగ తగ్గుటతో వంటయింటిని తక్కిన గదులకు దూరముగా నుంచవలసిన అవసరమును తగ్గెను. కోయంబత్తూరు గ్రైండర్లును, మిక్సీలును వచ్చి రుబ్బురోలి పనిని వసారానుండి వంటగట్టుపైకి ఎక్కించినవి. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలో అంతస్తుల భవనములు పెరిగి, 1987లో ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టము వచ్చునాటికి, పెరడులేని గృహస్థులు ఈ నగరములలో వేలకొలదిగా నుండిరి. పెరటికి బదులుగా వారికి లభించినది వంటయింటి వెనుక నాలుగడుగుల బాల్కనీ.

ఇతర దేశములలో

ఇంగ్లండులో 19వ శతాబ్దపు వరుస యిండ్ల వెనుకభాగమున స్కలరీ యను చిన్నగది యుండెడిది. రాతి తొట్టియు, బట్టలుడికించు పెద్ద కాగును అందే యుండుటచే వంటగది పొడిగా నుండెను; సోమవారమును ఉతుకుదినముగా పాటించుట అచ్చటి యాచారము. 1918లో ట్యూడర్ వాల్టర్స్ సంఘము కార్మిక గృహములను గూర్చి సమర్పించిన నివేదిక స్కలరీకి తగిన స్థానము నిచ్చినది. అమెరికాలో కాథరిన్ బీచర్, ఆమె సోదరి హారియెట్ బీచర్ స్టో 1869లో ప్రకటించిన ‘ది అమెరికన్ వుమన్స్ హోమ్’ గ్రంథమున పొయ్యిగదిని పనిగట్టునుండి జారుడు తలుపులతో వేరుచేసి, బట్టలుతుకు చోటును నేలమాళిగకు దించిరి. 1926లో వియన్నా శిల్పిని మార్గరెటె షూట్టె లిహోట్స్కీ రచించిన ఫ్రాంక్‌ఫర్టు వంటగది సుమారు 1.9 మీటర్ల వెడల్పును, 3.4 మీటర్ల పొడవును మాత్రమే గలదయ్యు, ఆధునిక వంటయిండ్లకు మూలమైనదిగా ప్రసిద్ధి చెందినది. అందు ఇస్త్రీ చేయుటకు గోడకు మడిచిపెట్టు బల్ల గలదు గాని, ఉతుకుటకు తావు లేదు. వంటపనిలోని ఒక్కొక్క అడుగును లెక్కించి కుదించిన ఆ మేధావిని ఉతుకుపనిని గోడ వెలుపల విడిచెననుట గమనింపదగిన విషయము. మన బిల్డర్లు ఆమె పొదుపును గ్రహించిరే గాని, వెలుపల విడువబడినదాని సంగతి విచారింపలేదు.

1937లో అమెరికాలో వెలువడిన బెండిక్స్ స్వయంచాలక యంత్రమును నేలకు బోల్టులతో బిగింపవలసి వచ్చెను. లేనిచో తిరుగునప్పటి అదురునకు అది కదలిపోవుచుండెను. నాటినుండియు యంత్రము ఎచ్చట నుండవలెనను ప్రశ్నకు దేశమున కొక సమాధానము. బ్రిటనులో అది వంటగట్టు క్రిందనే యుండును. ఐరోపాలోని పెక్కుచోట్ల స్నానపు గదిలో నుండును. స్వీడనులో భవనమంతటికిని నేలమాళిగలో ఉమ్మడి ఉతుకుగది యుండి, నివాసులు వంతులు వ్రాసికొని వాడుకొందురు. అమెరికాలో నేలమాళిగనుండి వంటయింటి ప్రక్కకును, అచ్చటినుండి పడకగదులున్న పై యంతస్తునకును ఎక్కినది. బట్టలు మాయునది అచ్చటనే, మరల చేరవలసిన అలమరలును అచ్చటనే యని వారి తర్కము. మనదేశమున ఆ తర్కము చెల్లదు. తోముటకును ఉతుకుటకును తరచుగా ఒకే మనిషి వచ్చుటయు, రెండింటికిని కావలసిన నీటిగొట్టములు వంటయింటి వెంటనే యుండుటయు, యంత్రములో ఎండబెట్టుటకన్న తీగెపై ఎండలో ఆరవేయుటయే మనకు చౌకయగుటయు చేరి, యుటిలిటీని వంటయింటికి కట్టివేసినవి.

స్థలమును కొలతలును

జాతీయ భవన నిర్మాణ నియమావళి వంటయింటికి కనీస కొలతలను నిర్దేశించినది: భోజనశాల వేరుగా నున్నచో 5 చదరపు మీటర్లు, వెడల్పు 1.8 మీటర్లు, సామానుగది వేరుగా నున్నచో 4.5 చదరపు మీటర్లు. వంటయింటనే భోజనమును చేయునట్లైన 7.5 చదరపు మీటర్లు. సామానుగది యున్నచో వంటయిల్లు అర చదరపు మీటరు తగ్గవచ్చునని చెప్పిన ఆ న్యాయమే, తోముచోటు వేరుగా నున్నపుడును వర్తించునని అనుకొనుట పొరపాటు. తడిపని వెలుపలికి పోయినంత మాత్రమున వండుగట్టు పొడవు తగ్గదు.

ఈ గది వెడల్పును నిర్ణయించు లెక్క సులభమైనది. ముందువైపు తలుపుగల ఉతుకు యంత్రము సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పును, దాదాపు అంతే లోతును, 85 సెంటీమీటర్ల ఎత్తును గలది. వెనుక గొట్టములకును కుళాయికిని 10 సెంటీమీటర్లు విడువవలెను. గది వెడల్పు నాలుగడుగులైనచో, అనగా 120 సెంటీమీటర్లైనచో, యంత్రము ముందు మిగులునది 50 సెంటీమీటర్లే. దాని గుండ్రని తలుపు తెరచినంతనే ఆ చోటు నిండిపోవును. బట్టలు తీయువారు ప్రక్కకు వంగి, నడుము తిప్పి, చేయి చాపవలెను. ఐదడుగులైనచో 80 సెంటీమీటర్లు మిగిలి, మనిషి యంత్రము నెదుట సూటిగా కూర్చుండి పనిచేయగలుగును. పొడవు ఏడడుగులున్నచో యంత్రమునకు 60, తొట్టికి 60 సెంటీమీటర్లు పోగా, మిగిలిన మూడడుగులలో కూర్చుండి తోముటకు బండ అమర్చుకొనవచ్చును. ఐదును ఏడును, ముప్పదియైదు చదరపు అడుగులు, ఒక మధ్యతరగతి కుటుంబమునకు పనికివచ్చు కనీస పరిమాణమని చెప్పవచ్చును. ఇంతకు చిన్నదానిలో పైతలుపు గల యంత్రము మేలు. దాని ముందు వంగుటకు అంత చోటు అక్కరలేదు. కాని దానిపైన అరలు కట్టుటకు వీలుండదు.

వంటయింటి కిటికీ యుటిలిటీలోనికి తెరచుకొనుట మన ఫ్లాట్లలో అతి సాధారణము. బాల్కనీగా నున్నంతవరకు దీనివలన బాధ లేదు. వానజల్లుకు, దుమ్ముకు, పావురములకు వెరచి యజమాని దానిని అద్దములతో మూసిననాడు వంటయింటికి వచ్చు గాలియు మూతపడును. నియమావళి వంటయింటికి కిటికీని గాని, గాలి తెరపిని గాని కోరుచున్నది. అద్దములు బిగింపబోవువారు దీనిని జ్ఞప్తియందుంచుకొని, పైభాగమున తెరపిని విడువవలెను. కొనుగోలుదారులు గమనింపదగిన సంగతి మరియొకటి గలదు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము కార్పెట్ ఏరియాను నిర్వచించుచు బాల్కనీని, వరండాను అందుండి మినహాయించినది. యుటిలిటీని విక్రయపత్రములో గదిగా చూపిరా, బాల్కనీగా చూపిరా యనుదానిని బట్టి చెల్లించు మూల్యమునకు అర్థము మారును.

వాస్తు ననుసరించి వంటయింటిని ఆగ్నేయమున నుంచుట తెలుగువారిలో విస్తారముగ నున్న యాచారము. అందుచే యుటిలిటీ తరచుగా తూర్పునకో దక్షిణమునకో తెరచుకొనుచుండును. శాస్త్రవిశ్వాసము మాట యెట్లున్నను, ఉదయపుటెండయో, చలికాలమున దక్షిణమునుండి వాలుగా వచ్చు ఎండయో తీగెలపై పడుటచే ఇది బట్టలకు మేలే.

నీటి రాకపోకలు

ఈ గది మంచిచెడ్డలు నేలలోను, గోడలోను దాగియుండు గొట్టములపై ఆధారపడియున్నవి. లోపలికి వచ్చు నీటిని గూర్చి మొదట విచారింపవలెను. స్వయంచాలక యంత్రములలోనికి నీరు విద్యుత్కవాటము ద్వారా ప్రవేశించును. అది సరిగా తెరచుకొనుటకు కొంత పీడనము కావలెను. అనేక యంత్రములకు కనీసము అర బార్, అనగా ఐదు మీటర్ల ఎత్తునుండి దిగు నీటి ఒత్తిడి, అవసరమగును. డాబాపై ట్యాంకు, దాని క్రిందనే పై యంతస్తు ఫ్లాటు అయినచో కుళాయికిని ట్యాంకునకును మధ్య ఎత్తు రెండు మూడు మీటర్లకు మించదు. క్రింది అంతస్తులలో చక్కగా పనిచేయు యంత్రమే పైయింట నీరు నిండక నిలిచిపోవుటకు కారణము ఇదియే. లోపము యంత్రములో లేదు. ట్యాంకును ఎత్తు దిమ్మెపై నుంచుటయో, ఒత్తిడి పెంచు చిన్న పంపును అమర్చుటయో దీనికి ఉపాయము.

నీటి స్వభావము రెండవ విషయము. హైదరాబాదులో మంజీర, కృష్ణ, గోదావరి నీరు కుళాయిలలో వచ్చు పేటలున్నవి. బోరునీటిపైనను, ట్యాంకరుపైనను ఆధారపడు పేటలును గలవు. భారతీయ ప్రమాణము త్రాగునీటి కాఠిన్యమునకు లీటరునకు 200 మిల్లీగ్రాములను వాంఛనీయ పరిమితిగను, వేరు ఆధారము లేనప్పుడు 600 మిల్లీగ్రాములను గరిష్ఠ పరిమితిగను నిర్ణయించినది. బోరునీటిలో కాఠిన్యము హెచ్చుగా నున్నచోట, యంత్రములోని నీరుకాచు కమ్మీపై తెల్లని సున్నపుపొర పేరుకొనును, స్టీలు తొట్టిపై మరకలు నిలుచును, బట్టలు బిరుసెక్కును. మెత్తనీటి యంత్రమును వంటయింటికి మాత్రమే గాక ఈ గది కుళాయికి గూడ కలుపునట్లు గొట్టమును ముందుగనే నడిపించుట వివేకము. ఆర్‌ఓ శుద్ధియంత్రము విడిచిపెట్టు నీటిని ఇచ్చటి బకెట్టులోనికి పట్టి నేల కడుగుటకు వాడుకొనవచ్చును. అందు లవణములు చిక్కబడియుండును గనుక కుండీలలోని మొక్కలకు నిత్యము పోయరాదు.

వెలుపలికి పోవు నీరు ఇంతకంటె ముఖ్యమైనది. స్వయంచాలక యంత్రము పంపుతో నీటిని పైకి త్రోసివేయును గనుక దాని పారుగొట్టపు కొన నేలనుండి సుమారు 60 మొదలు 90 సెంటీమీటర్ల ఎత్తున, నిలువు గొట్టములో వదులుగా దిగియుండవలెను. నేలపై పడవేసినచో, నింపిన నీరు నిండినట్లే సైఫను వలె జారిపోయి, యంత్రము నింపుచునే యుండును. సెమీ ఆటోమేటిక్ యంత్రములలో పెక్కింటికి పంపు లేదు. వానికి నేలమట్టపు తూమే శరణ్యము. కట్టునప్పుడే రెండు విధములకును వీలు కల్పించినచో, పిమ్మట యంత్రము మారినను గోడ పగులగొట్టవలసిన పని రాదు.

నేలలోని తూమునకు నహానీ ట్రాపు అమర్తురు. దానిలో ఎల్లప్పుడును నిలిచియుండు 50 మిల్లీమీటర్ల నీరు మురుగు గొట్టములోని దుర్గంధమును, బొద్దింకలను అడ్డగించును. కుటుంబము వేసవి సెలవులకు ఊరికి పోయినపుడు ఆ నీరు ఇగిరిపోయి, తిరిగి వచ్చునాటికి ఇల్లంతయు వాసన గొట్టును. ఒక చెంబెడు నీరు పోసిన చాలును. దీనికంటె కఠినమైన చిక్కు అంతస్తుల భవనములలోని క్రింది ఫ్లాట్లది. పై యంతస్తులలోని యంత్రములు ఒక్కసారిగా విడిచిన సబ్బునీరు నిలువు గొట్టములో వేగముగా దిగి, అడుగున మలుపు తిరుగుచోట నురగగా మారి, దారి కానక క్రింది యింటి ట్రాపుగుండ పైకి పొంగును. ఆ యింటివారు తమ తూము మూసికొనిపోయినదని తలచి మనిషిని పిలిపించి కడ్డీలతో పొడిపించుచుందురు, ఫలితముండదు. అడుగు అంతస్తు తూములను ప్రధాన గొట్టమునకు కలుపక వేరు గొట్టముతో నేరుగా మ్యాన్‌హోలునకు నడిపించుటయే దీనికి మందు. ఇది కట్టుబడి సమయమున స్వల్పవ్యయముతో జరుగునది, తరువాత దుస్సాధ్యము.

నేలవాలు మీటరునకు 10 మొదలు 15 మిల్లీమీటర్లుండి, తూము నడిమిదారిలో గాక గోడవార నుండవలెను. వంటయింటి నేలకంటె ఈ గది నేల అంగుళమైనను దిగియుండుట, మధ్య గ్రానైటు గడప నొకదానిని అమర్చుట అవసరము. క్రింది యింటివారి కప్పునకు చెమ్మ దిగకుండ నీటినిరోధక పూతను నేలపైనే గాక గోడలపైకి ఒక అడుగు ఎత్తువరకు ఎక్కింపవలెను. పరచు రాతి విషయమున ఒక హెచ్చరిక: మనకు అందుబాటులో నుండి చౌకయైన తాండూరు, బేతంచెర్ల, కడప బండలు సున్నపురాతి జాతికి చెందినవి. దృఢమైనవే గాని, మరుగుదొడ్లు కడుగు యాసిడుకును, నిత్యము పడు చింతపండు, నిమ్మ పులుపునకును అవి క్షయించి నునుపు పోగొట్టుకొనును. గట్టుకు గ్రానైటును, నేలకు గరుకు టైలును మేలైనవి.

ఇక తోమువారి సంగతి. వంటగట్టు ఎత్తు సుమారు 85 సెంటీమీటర్లు. పళ్లెములును గిన్నెలును ఆ ఎత్తున తొట్టిలో నిలిచి తోముట సులభమే. పండుగనాటి పెద్ద డేగిసాలు, ఇడ్లీపాత్రలు, అడుగంటిన కుక్కర్లు ఆ తొట్టిలో పట్టవు, పట్టినను భుజములు నొచ్చును. వానికై నేలనుండి జానెడెత్తు అంచు కట్టిన మూడడుగుల చదరము, దానిపై అడుగున్నర ఎత్తున నొక కుళాయి, కూర్చుండుటకు పీట, ఇవి యున్నచో పాత జలదారిలోని సౌకర్యమంతయు మరల లభించును. నేటి ఫ్లాట్లలో పనికి వచ్చు స్త్రీ యంత్రమునకును గోడకును నడుమ తడినేలపై ముడుచుకొని కూర్చుండి, మోకాళ్లపై నీళ్లు చింద, మిట్టమధ్యాహ్నపుటెండలో తోముచుండుట సర్వత్ర కానవచ్చు దృశ్యము. యంత్రమునకు నీడ పట్టించిన గృహస్థులు మనిషికి పట్టింపకుండుట శోచనీయము.

విద్యుత్తు, గ్యాసు

నీరుకాచు ఉతుకు యంత్రము పనిచేయునపుడు సుమారు రెండు కిలోవాట్ల విద్యుత్తును గ్రహించును. దానికి ఎర్తు గల 16 ఆంపియర్ల సాకెట్టు, కుళాయికి దూరముగా, నేలకు నాలుగడుగుల ఎత్తున ఉండవలెను. వంటయింటినుండి ఎక్స్‌టెన్షన్ పెట్టెను లాగి తడినేలపై వదలుట ఈ గదిలో జరుగు తప్పులలోకెల్ల ప్రమాదకరమైనది. 30 మిల్లీ ఆంపియర్ల లీకు కనబడగనే సరఫరాను త్రుంచు ఆర్‌సీసీబీని ఈ గది తీగెకు తప్పక అమర్చుకొనవలెను.

14.2 కిలోగ్రాముల గ్యాసు సిలిండరును వంటగట్టు క్రిందనుండి తొలగించి ఇచ్చట నుంచుట మంచి పద్ధతియే. వంటగ్యాసు గాలికంటె బరువైనది గనుక కారినపుడు పైకి పోక నేలను పట్టి ప్రాకును. అందుచే సిలిండరును గుంటలో గాని, తలుపులు బిగించిన బీరువాలో గాని ఉంచరాదు. గోడ అడుగున గాలిరంధ్రము లుండవలెను. హైదరాబాదు, విజయవాడలలో భాగ్యనగర్ గ్యాస్ సంస్థ గొట్టములద్వారా సరఫరాచేయు సహజవాయువు గాలికంటె తేలికయైనది. దానికి కప్పు దగ్గర తెరపి ముఖ్యము. పెక్కు ఇండ్లలో ఇన్వర్టరు బ్యాటరీని గూడ ఈ మూలకే చేర్చుచున్నారు. సీసపు బ్యాటరీ ఛార్జి యగునపుడు హైడ్రోజను వెలువడును. నిప్పురవ్వ పుట్టు అవకాశమును గలదు. సిలిండరును బ్యాటరీని ఒకే చోట నుంచుట తగదు.

గాలి, ఎండ, సామాను

రాయలసీమ వేసవిలో బట్టలు త్వరలోనే ఆరిపోవును. విశాఖపట్టణము, కాకినాడలలో శ్రావణ భాద్రపదములందు రెండుదినములైనను చెమ్మ విడువవు. కావున సముద్రతీర నగరములలో ఎదురెదురుగా రెండు తెరపులు గల యుటిలిటీ కావలెను. ఇరుకైన గాలిగూటిలోనికి, అనగా షాఫ్టులోనికి, తెరచుకొను యుటిలిటీలో ఎండయు గాలియు రెండును కరవై, పై యింటి పోపువాసన క్రింది యింటి చీరలకు పట్టును. పూర్వము మడిబట్టలను కర్రతో ఎత్తి కప్పు దగ్గరి దండెముపై వేయుచుండిరి. నేడు తాడులాగి పైకెత్తు గొట్టముల దండెములు విపణిలో దొరకుచున్నవి. తల తగులకుండ, క్రింద నిలిచి తోముటకు అడ్డురాకుండ నుండుటచే చిన్నగదికి ఇవియే తగినవి. కటకటాలకు వలకట్టనిచో హైదరాబాదు పావురములు ఉతికిన బట్టలను మరల ఉతికింపక మానవు.

2016 నాటి ఘనవ్యర్థ నియమములు తడిచెత్త, పొడిచెత్త, హానికర గృహవ్యర్థములను వేర్వేరుగా నుంచవలెనని విధించినవి; చెత్తను వేరుచేయుటకు తగినన్ని బుట్టలకు చోటు కేటాయింపవలెను. బియ్యపు డబ్బాలు, పప్పులు, ఆవకాయ జాడీలు మాత్రము ఈ గదిలోనికి రారాదు. తడిగాలి తగిలిన జాడీకి బూజుపట్టుటకు ఎక్కువ దినములు పట్టదు.

ఇతర రూపములు

స్వంతస్థలమున ఇల్లు కట్టుకొనువారికి పెరటి వసారా రూపమే ఇప్పటికిని ఉత్తమము. రెండు గోడలు, పైకప్పు, రెండువైపుల కటకటాలు చాలును. పాత ఫ్లాటులో చోటులేనివారు ఉతుకు యంత్రమును స్నానపు గదికి పంపి, యుటిలిటీని తోముటకు మాత్రమే ఉంచుకొనుట, రెండింటిని ఇరికించుటకంటె మేలు. గిన్నెలు కడుగు యంత్రము కొనదలచినవారికి అది యిచ్చటనే తొట్టి ప్రక్క అమరును; దానికి నీరును, పారుగొట్టమును ఉతుకు యంత్రపు ఏర్పాటునుండియే తీసికొనవచ్చును. అమెరికాలోని తెలుగు కుటుంబములలో కొందరు, పోపులును వేపుళ్లును మూసిన యింటిలో వాసన నిలుపుచుండుటచే, వంటయింటి వెనుక రెండవ చిన్న వంటగదిని కట్టించుకొనుచున్నారు. అచ్చటి ఉతుకుగదిలో ఆరబెట్టు యంత్రపు వేడిగాలి గొట్టమున నూలుపొట్టు పేరుకొని నిప్పంటుకొను ప్రమాదము గలదు గనుక దానిని శుభ్రపరచుట ముఖ్యము.

ఇల్లు కట్టించుకొనువారికిని, కట్టుబడి మొదలుకాకమునుపే ఫ్లాటు కొనువారికిని విన్నపము: స్లాబుకు సెంట్రింగు కొట్టకముందే ఈ గది తూమును, కుళాయిలను, సాకెట్టును పటముపై గుర్తింపించుడు, పడకగదిలో నొక అడుగు తగ్గించియైనను దీనికి ఐదవ అడుగును ఇప్పించుడు.